కరెంటు తోట మిషన్లతో జాగ్రత్త: బెంగళూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కె.ఆర్. పురం అవతల మా లేఅవుట్‌లో ప్రతి ఇంటి ముందూ ఇంత పచ్చిక, చుట్టూ డురాంటా మొక్కల కంచె, వెనక ఒక మునగచెట్టో కరివేపాకు చెట్టో ఉంటాయి. సగం ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది, అనంతపురం, చిత్తూరు వైపువాళ్లం ఎక్కువ. వానలు మొదలై గడ్డి పెరగగానే ఏటా అవే సందేహాలు నా గేటు దగ్గరికి వస్తాయి. నేను ఎలక్ట్రీషియన్‌ని కాను. పదేళ్లుగా ఈ మిషన్లు వాడుతూ, ఒకసారి వైరు కోసుకుని, ఒక మోటారు కాల్చుకుని నేర్చుకున్నవాణ్ణి. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లేలా రాశాను, కాబట్టి కొన్ని మాటలు రెండుసార్లు కనిపిస్తాయి.

## కొనేముందు

వైరున్న మిషన్ కొనాలా, బ్యాటరీదా? ఏది సేఫ్?

షాక్ సంగతి వరకైతే బ్యాటరీదే నయం. తడి నేల మీద ఈడ్చుకెళ్లే 230 వోల్టుల వైరు ఉండదు, పొరపాటున కోసుకునే భయమూ ఉండదు. అయితే వేళ్లు తెగడానికి వైరు అక్కర్లేదు. వైరు మిషన్‌ని ముట్టుకునే ముందు ప్లగ్ తీయాలని అందరికీ గుర్తుంటుంది, బ్యాటరీ తీయాలని మాత్రం గుర్తుండదు. బటన్ ఎక్కడో నొక్కుకుంటే అది అప్పటికప్పుడు తిరుగుతుంది. నా ఓటు ఇలా: కంచె కత్తిరించడానికి బ్యాటరీది, ఇంటి ముందు చిన్న పచ్చికకి వైరుదైనా చాలు, కాకపోతే బయట మంచి సాకెట్ ఉండాలి.

మా అబ్బాయి అమెరికా నుంచి హెడ్జ్ ట్రిమ్మర్ (కంచె కత్తిరించే మిషన్) తెచ్చాడు. పిన్ను మార్చే అడాప్టర్ పెడితే చాలా?

చాలదు. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేను మోటారు కాల్చుకున్నది సరిగ్గా ఇలాగే. కొన్ని సెకన్లు భలే జోరుగా తిరిగింది, తర్వాత వాసన వచ్చింది. వాడితీరాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ మిషన్ వాట్ల కన్నా బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది. ఆ బరువు, ఆ ఖర్చు చూస్తే ఇక్కడ కొత్తది కొనుక్కోవడమే సుఖం.

బ్యాటరీ మిషన్ అయితే చార్జర్ వెనక సన్న అక్షరాలు చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఇక్కడా పనిచేస్తుంది. 120 అని ఒక్కటే ఉంటే ప్లగ్ పెట్టకండి. తెప్పించుకునే ముందు ఇంకో సంగతి కూడా చూసుకోండి. విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే తేవాలి. 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ లెక్క తేలుతుంది: 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అయితే 90.

ప్లగ్‌కి రెండే పిన్నులున్నాయి. ఎర్త్ లేని మిషన్ అంటగట్టారా?

మిషన్ మీద చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, లోపల రెండు పొరల రక్షణ ఉంటుంది, కాబట్టి ఎర్త్ పిన్ను అవసరం లేకుండానే తయారుచేశారు. ఆ గుర్తూ లేక, మూడో పిన్నూ లేకపోతే కొనకండి. గుర్తున్న మిషన్‌కైనా ఆ రక్షణ పొడిగా ఉన్నంతవరకే, వైరు తెగనంతవరకే.

కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద నడపొచ్చా?

వద్దు. 1500 వాట్ల మోటారు మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది, మామూలు ఇంటి ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది.

## ప్లగ్ పెట్టేముందు

మా ఇంట్లో ఎంసీబీలు (మెయిన్ బోర్డులో వాటంతట అవే పడే స్విచ్‌లు) ఉన్నాయి కదా, షాక్ కొడితే అవే పడిపోవా?

పడవు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకన్నా ఎక్కువ కరెంటు పోవాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా ఎక్కువే. అంటే మనం పోయినా ఎంసీబీ కదలదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్ గుండా తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. కొంత మీ ఒంట్లోంచి నేలలోకి పోయి లెక్క తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే లైను తెంపేస్తుంది. తోట సాకెట్‌కి 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. కొన్ని ఇళ్లలో మెయిన్‌కి 100 మిల్లీ ఆంపియర్లది పెడతారు, అది అగ్నిప్రమాదాల కోసం, మనిషికి సరిపోదు. డబ్బా తెరిచి దాని మీద అంకె చదవండి. దీనికీ ఒక పరిమితి ఉంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే లెక్కలో తేడా రాదు, ఆర్‌సీసీబీ మిమ్మల్ని బల్బు అనుకుంటుంది.

ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

దాని మీద టెస్ట్ అనో, టీ అక్షరంతోనో ఒక చిన్న బటన్ ఉంటుంది. నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించేదాకా మిషన్ బయటికి తీయకండి. నేను నెలకోసారి, కరెంటు బిల్లు కట్టిన రోజున నొక్కుతాను, లేకపోతే గుర్తుండదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నది లోపల బిగుసుకుపోవచ్చు.

పోర్టికోలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది. ఎర్త్ ఉన్నట్టే కదా?

రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మేం ఇల్లు కొన్న కొత్తలో బయటి సాకెట్ విప్పించాను. ఎర్రది, నల్లది చక్కగా బిగించి ఉన్నాయి. పచ్చ వైరు మాత్రం చిన్న ఉండగా చుట్టి గోడలోకి నెట్టేసి ఉంది, కొస మీద తొడుగు కూడా ఒలవలేదు. మూడేళ్లు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు దాన్నుంచే మోటారు నడిపారట.

టెస్టర్ పెట్టి చూస్తే ఫేజు తెలుస్తుంది కానీ ఎర్త్ తెలియదు. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ దగ్గరా, ఎర్త్ గుంత దగ్గరా రెండుచోట్లా కొలిపించండి. ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయమనేది అందుకే. సాకెట్ 16 ఆంపియర్లదై, మూతపడే వానతొడుగుతో ఉంటే మంచిది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఏది వాడాలి? టీవీ దగ్గరిది తెచ్చి పెట్టకూడదా?

కూడదు. ఆ బాక్సుల్లో చాలావాటికి సన్న వైరుంటుంది. ఒక లెక్క చూడండి: 1500 వాట్ల మిషన్ సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. అర చదరపు మిల్లీమీటర్ రాగి వైరు 30 మీటర్లు వేస్తే, ఆ వైరులోనే దాదాపు 100 వాట్లు వేడిగా మారిపోతుంది. పరిచి ఉంటే గాలికి చల్లారుతుంది. చక్రానికి చుట్టి ఉంటే ఆ వేడంతా ఉండలోనే ఉండి, పైతొడుగు మెత్తబడి, లోపలి వైర్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే పని ఐదు మీటర్లలోనే అయినా రీలు మొత్తం విప్పాలి.

షాపులో ఇలా అడగండి: "త్రీ కోర్, 1.5 ఎస్‌క్యూ ఎంఎం, రౌండ్ కేబుల్, ఐఎస్ఐ." 30 మీటర్లు దాటితే 2.5 అడగండి. ఎస్.పి. రోడ్డులో అయితే మీటర్ల లెక్కన కోసిస్తారు, ప్లగ్, సాకెట్ విడిగా కొని బిగింపించుకోవచ్చు. రంగు నారింజ అయితే గడ్డిలో కనిపిస్తుంది, నల్లది, పచ్చది కనిపించవు. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించి గొలుసు కట్టకండి.

ఎలుక కొరికిన చోట టేపు చుట్టాం. సరిపోతుంది కదా?

ఇంట్లో టేబుల్ ల్యాంపుకైనా నేను ఒప్పుకోను, తడి గడ్డి మీద అసలే కాదు. టేపు ఎండకి జిగురు వదిలేస్తుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. కొరికిన చోట వైరు కోసి, మిగిలిన మంచి ముక్కకి కొత్త ప్లగ్ బిగించండి. రెండు మీటర్లు పొట్టయితే కావచ్చు.

ప్లగ్ సాకెట్‌లో పట్టట్లేదు. వైరు కొసలు గుచ్చి అగ్గిపుల్లలు బిగిస్తే?

మన ఊళ్లలో పెళ్లిపందిళ్ల దగ్గర చూసి నేర్చుకున్న విద్య ఇది. ఇక్కడితో మర్చిపోండి.

చెప్పులేసుకుని, లుంగీ మీద చేసేస్తాను. మరీ ఇంత తయారవ్వాలా?

బూట్లు తప్పనిసరి, వేళ్లు కనపడనివి. కళ్లద్దాలు కూడా, చూపు కోసం పెట్టుకునేవి కాదు, పక్కలు మూసి ఉండేవి. లుంగీ, చున్నీ, చీర కొంగు తిరిగే భాగానికి చుట్టుకుంటాయి. చెవిలో పాటలు పెట్టుకుంటే వెనక నుంచి పిల్లవాడు వస్తున్న చప్పుడు వినపడదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకులు రాలేటప్పుడు బ్లోయర్ పట్టుకుంటే మాస్క్ కూడా, ఎందుకంటే అది ఊదేది ఆకుల్ని మాత్రమే కాదు, బెంగళూరు దుమ్మంతటినీ.

## పని జరుగుతుండగా

వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. గడ్డి తడిగా ఉంది, కానిచ్చేయనా?

వైరు మిషన్‌తో వద్దు. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం దాకా మండిపోయి నాలుగింటికి కుండపోత పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నేల ఆరనే ఆరదు. అలాంటప్పుడు ఒక రోజు ఆగండి, గడ్డి ఎక్కడికీ పోదు. డిసెంబరు, జనవరిలో మంచు కూడా తడే, తొమ్మిది దాటాక మొదలుపెట్టండి. బ్యాటరీ మిషన్ అయినా తడి గడ్డిలో కాలు జారుతుంది, గడ్డి ముద్దయి లోపల ఇరుక్కుంటుంది. దూరంగా ఉరుము వినపడితే ఏ మిషన్ అయినా లోపల పెట్టేయాలి.

వైరు బ్లేడు కిందికి రాకుండా ఎలా చూసుకోవాలి?

సాకెట్ దగ్గర మొదలుపెట్టి దూరంగా పోతూ కోయండి. అప్పుడు వైరు ఎప్పుడూ కోసేసిన వైపే, మీ వెనకే ఉంటుంది. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. మిషన్ వైరు, ఎక్స్‌టెన్షన్ కలిసే చోట వదులుగా ఒక ముడి వేస్తే లాగినప్పుడు ఊడదు. ఆ అతుకును నేల మీద కాకుండా ఇటుక మీద పెట్టండి.

ఇంత తెలిసీ నేను కోసుకున్నాను. రెండేళ్ల కిందట ఆయుధపూజకి ముందు రోజు, మిషన్‌కి బొట్టు పెట్టేలోపు కంచె నున్నగా చేద్దామని తొందర. ఎక్స్‌టెన్షన్ వైరు డురాంటా కొమ్మల్లోకి దూరింది, నాకు కనపడలేదు. టప్ మంది. చేతిలో ట్రిమ్మర్ ఆగిపోయింది, వంటింట్లో మిక్సీ ఆగిపోయింది, "కరెంటు పోయిందా?" అని మా ఆవిడ కేక. చూస్తే బ్లేడు పన్ను ఒకటి మాడి నల్లగా ఉంది, కొమ్మల మధ్య రాగి తీగలు పురి విప్పుకుని మెరుస్తున్నాయి. ఆర్‌సీసీబీ పడింది కాబట్టి ఇది రాస్తున్నాను. మీకూ జరిగితే తెగిన కొసని చూడటానికి వంగకండి. ముందు గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ ఆపి ప్లగ్ పీకండి.

గడ్డి ఇరుక్కుపోయింది. స్విచ్ ఆపి చెయ్యి పెట్టి తీయొచ్చా?

స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్ పీకాలి, లేదా బ్యాటరీ ఊడదీయాలి. ఆపాక కూడా మోవర్ (పచ్చిక కోసే మిషన్) బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగిందని చూశాకే మిషన్‌ని తిరగేయండి. ఇరుక్కున్నది చేత్తో కాదు, పుల్లతో తీయండి.

బ్రష్ కట్టర్ (దారమో బ్లేడో తిప్పి గడ్డి కొట్టే మిషన్) వాడితే రాళ్లు ఎగిరి కారు అద్దానికి తగిలాయి. ఏం చేయాలి?

ముందు ఒకసారి నడిచి రాళ్లు, సీసా పెంకులు, తీగముక్కలు ఏరండి. చుట్టూ 15 మీటర్లలో మనిషిగానీ కుక్కగానీ ఉండకూడదు. కవచం ఊడదీసి వాడేవాళ్లున్నారు, అది ఉన్నదే ఆ రాళ్ల కోసం. నైలాన్ దారం అయిపోతే బైండింగ్ వైరు కట్టకండి. అది తెగిందంటే తూటాలాగా పోతుంది.

ప్రెషర్ వాషర్‌తో కారు కడుగుతాను. నీళ్లూ కరెంటూ పక్కపక్కనే కదా, టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ మంచిదే. మిషన్‌ని నీళ్లు పారని ఎత్తులో పెట్టండి, సాకెట్ వైపు, మిషన్ వైపు గన్ తిప్పకండి. ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్‌కే పెట్టండి. తడి చేత్తో ప్లగ్ పీకకండి.

ఎవరూ పట్టించుకోనిది ఆ నీటిధార. 100 బార్ ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న సూదిగాటులా ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. దాన్ని కట్టుకట్టి వదిలేయకుండా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి. చెప్పులు కడుక్కోవడానికి కాలి మీద కొట్టుకునేవాళ్లని నేను చూశాను. నీళ్ల సంగతి కూడా ఒక మాట: 2024 మార్చిలో ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో కార్లు కడిగితే, తోటలకి పెడితే 5,000 రూపాయల జరిమానా అని ఇక్కడి జలమండలి ప్రకటించింది. ఎండాకాలంలో ముందు అది కనుక్కోండి.

చైన్ సా తీసుకుని నిచ్చెన ఎక్కి మునగకొమ్మ కొట్టేయొచ్చా?

"నీ వల్లే అవుతుంది బావా" అని ఎవరో మునగచెట్టు ఎక్కిస్తే నిజంగానే ఎక్కేసేవాళ్లున్నారు. చైన్ సాకి రెండు చేతులూ కావాలి, నిచ్చెనకి ఒకటి కావాలి. మనకున్నవి రెండే. గొలుసు తిరిగే బార్ ముందు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా ముఖం వైపు ఎగిరొస్తుంది, నేల మీద నిలబడితేనే తట్టుకోవడం కష్టం. మునగకి పొడవాటి కర్రకి కట్టిన కొడవలి చాలు, అసలే పెళుసు కట్టె. భుజం కన్నా ఎత్తులో చైన్ సా వాడకండి.

పెద్ద చెట్టయితే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ఉంది, మీ స్థలంలోదైనా ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. కొమ్మలు నరకడం కూడా చెట్టు కొట్టడం కిందికే వస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లయ్యాయి, మీ ఇల్లు ఎందులోకి వచ్చిందో చూసుకుని అక్కడ అడగండి.

కొమ్మ వీధి కరెంటు తీగలకి తగులుతోంది. నేనే మెల్లగా కత్తిరిస్తే?

వద్దే వద్దు. పచ్చి కొమ్మ, తడిసిన కర్ర, అల్యూమినియం నిచ్చెన, అన్నిటి గుండా కరెంటు పోతుంది. ఆ తీగల్ని మీ ఇంటి ఆర్‌సీసీబీ ఆపలేదు. ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాంకి, 1912 నంబరుకి ఫోన్ చేయండి, వాళ్లు లైను ఆపి కొడతారు. ఆలస్యమైతే మళ్లీ చేయండి.

తోటమాలికి మిషన్ ఇచ్చి మేం ఆఫీసుకి వెళ్లిపోవచ్చా?

మొదటి నాలుగైదుసార్లు పక్కనే ఉండండి. మా వీధిలో ఒక పెద్దాయన ముప్పై ఏళ్లుగా కత్తెరతో కంచె కత్తిరిస్తున్నాడు, చెయ్యి తిరిగినవాడు. ట్రిమ్మర్ ఇస్తే కత్తెరలాగే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొమ్మ వంచాడు. తప్పు ఆయనది కాదు, చెప్పకుండా ఇచ్చినవాళ్లది. బూట్లు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి, ఆయన కొలతకి. కన్నడంలోనో తెలుగులోనో మాటల్లో చెప్పేకన్నా ఒకసారి చేసి చూపించండి, ప్లగ్ పీకడంతో సహా.

ఆదివారం పొద్దున్నే చేస్తే పక్కవాళ్లు గొడవ పెట్టుకుంటున్నారు.

వాళ్ల పక్షాన న్యాయం ఉంది. నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా, నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. బ్లోయర్ శబ్దం దగ్గర్లో దాన్ని మించిపోతుంది. తొమ్మిదికి మొదలుపెట్టండి, మంచు కూడా ఆరుతుంది.

## ఏదైనా జరిగితే

షాక్ కొట్టి మనిషి వైరుకి అతుక్కుపోతే?

పట్టుకుని లాగకండి, మీరూ అతుక్కుంటారు. మెయిన్ ఆపండి. అది దూరమైతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరును నెట్టండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, ఐదు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

చిన్న షాకే, ఇప్పుడు బాగానే ఉంది. డాక్టరు అవసరమా?

ఛాతీలో దడ, కళ్లు తిరగడం, కాలిన మచ్చ, ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయిన షాక్, వీటిలో ఏది ఉన్నా వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గర్భిణి అయినా, గుండెజబ్బు ఉన్నా ఏ లక్షణం లేకపోయినా వెళ్లాలి.

బ్యాటరీ ఉబ్బింది, ముట్టుకుంటే కాలుతోంది.

చార్జర్ స్విచ్ ఆపండి. పొగ లేకపోతే ఆరుబయట సిమెంటు నేల మీద, గోడకీ కారుకీ దూరంగా పెట్టి వదిలేయండి. మళ్లీ చార్జింగ్ పెట్టకండి. పొగ మొదలైతే చేత్తో తీయకండి, ఆ పొగ పీల్చకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

## పని అయ్యాక

మోవర్‌ని పైపు పెట్టి కడగొచ్చా?

కడగొద్దు. ప్లగ్ తీసి, పక్కకి వాల్చి, గట్టి బ్రష్‌తో గీకి, పొడిగుడ్డతో తుడవండి. మోటారు గాలి రంధ్రాల్లోకి నీళ్లు పోతే మళ్లీసారి ప్లగ్ పెట్టినప్పుడు తెలుస్తుంది.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలి?

టెర్రస్ మీది రేకుల గదిలోనూ, ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలోనూ కాదు. ఇంట్లో నీడన, సగం చార్జింగ్‌తో ఉంచండి. పని అయిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టకుండా అరగంట ఆగండి. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు. చచ్చిన బ్యాటరీ చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకుంటుంది. 2022 నిబంధనల ప్రకారం వాటిని తిరిగి తీసుకోవలసిన బాధ్యత తయారీదారులదే, కాబట్టి అమ్మిన షాపుకో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇవ్వండి.

పక్కింటివాళ్లు మిషన్ అడిగితే ఇవ్వొచ్చా?

ఇవ్వండి, కానీ మీ ఎక్స్‌టెన్షన్ వైరు, కళ్లద్దాలు కూడా కలిపి ఇవ్వండి. లేకపోతే టీవీ దగ్గరి బాక్సు తెచ్చి తగిలిస్తారు. తిరిగొచ్చాక వైరును చేత్తో కొస నుంచి కొసదాకా తడిమి చూసుకోండి. గాటు పడితే ఎవరూ చెప్పరు. నేను అన్నీ ఇస్తాను, చైన్ సా ఒక్కటి అడిగితే మాత్రం మిషన్ ఇవ్వను, నేనే వెళ్లి కోసిపెడతాను.